మొక్కుబడి పళ్ళెం మీద తెల్లగుడ్డ

జూలై 3, బుధవారం

నాకు రాయడం అలవాటు లేదు. మిషను బడిలో మూడో తరగతితో నా చదువు సరి. లవంగాల అమ్మకాలు రాసుకునే పుస్తకంలో వెనకవైపు కాగితాలు మిగిలాయి, వాటిమీద రాస్తున్నాను. మామూలుగా నా బెంగలన్నీ మా ముసలాయన చెవిలో పోస్తాను. ఆయన వల బాగుచేసుకుంటూ "ఊఁ" అంటాడు. ఆ ఊఁ తోనే సగం బరువు దిగిపోతుంది. ఇప్పుడు ఊఁ అనే మనిషే సముద్రం మీద ఉన్నాడు.

సోమవారం తెల్లవారుతుండగా వెళ్ళాడు. తూర్పుగాలుల కాలంలో ఒంటరిగా దోనె వేసుకుని సూర చేపల కోసం వెళ్ళే వయసా అది? అదే అడిగాను. "సాయంత్రానికి వచ్చేస్తానే, పులుసుకి పసుపు నూరి ఉంచు" అన్నాడు. నూరి ఉంచాను. ఎండిపోయింది. నిన్న మళ్ళీ నూరాను.

వెళ్ళేముందు ఎప్పటిలాగే ప్రార్థన బల్ల ముందు నిలబడ్డాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఎప్పుడూ చెప్పే నాలుగు మాటలే చెప్పాడు. నేను ఆమెన్ అన్నాను. అన్నాను, నాకు బాగా గుర్తుంది.

జూలై 4, గురువారం

గాలి ఇంకా తూర్పు నుంచే. రాలేదు.

ఆమెన్ అన్నాను గానీ, గట్టిగా అన్నానా లోపలే అనుకున్నానా?

జూలై 6, శనివారం

ఊళ్ళో మోటారు పడవలున్న వాళ్ళందరూ రెండు రోజులుగా వెతికి ఈ మధ్యాహ్నం తిరిగొచ్చారు. ఎవరూ నా వైపు చూడలేదు. పడవలు లాగుతూ ఇసుకలోకే చూశారు. వాళ్ళకి టీ పెట్టి, సాగో రొట్టెలు ఇచ్చాను. కప్పులు తిరిగి ఇచ్చేటప్పుడు కూడా చూడలేదు.

సాయంత్రం నా ఆడపడుచు తంసా వచ్చింది. ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది, మూడిళ్ళ అవతలే ఉంటుంది. మాకు పిల్లలు లేరు, ఆమెకీ లేరు. ఆయన మా ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరుగుతుండేవాడు. ఈ ఇంట్లో పులుసు, ఆ ఇంట్లో కాఫీ.

"తిన్నావా వదినా?"

"తిన్నాను."

"కుండ బోర్లించి ఉంది. దేన్లో వండుకున్నావ్, అరచేతిలోనా?"

తనే సాగో పిండితో పపెడా గంజి కలిపి పెట్టింది. జిగురుగా గొంతులో ఆగిపోయింది. తినేదాకా ఎదురుగా కూర్చుంది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అడిగితే, పొయ్యి పొగ అంది. వాళ్ళింట్లో పొయ్యి వెలిగించి ఎన్నాళ్ళయిందో నాకు తెలుసు.

జూలై 7, ఆదివారం

చర్చిలో పరలోక ప్రార్థన అందరితోపాటు చెప్పాను. ఒక్కచోట మాత్రం పెదవులు కదిపి ఊరుకున్నాను. ప్రభువు ఇష్టమే జరగాలని చెప్పే చోట. ప్రభువుకి కోపం రాదనుకుంటాను. ఇది ఆయనకీ నాకూ మధ్య మాట.

జూలై 9, మంగళవారం

పళ్ళెం పద్ధతి నాకు తెలియనిది కాదు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన రోజునే మా అత్తగారు లోపలి గదిలోకి తీసుకెళ్ళి చూపించింది. బల్ల, బైబిలు, తెల్ల పింగాణీ పళ్ళెం, మీద తెల్లగుడ్డ. ఇంట్లో ఎవరికి ఏ కష్టం వచ్చినా ఒక మాట, ఒక నాణెం. మాట చెప్పుకోవాలి, నాణెం వేయాలి, గుడ్డ కప్పాలి, లేచి వెళ్ళిపోవాలి. "గుడ్డ కప్పాక అది నీది కాదే పిల్లా" అంది ఆవిడ. మాట తీరాక పళ్ళెంలో ఉన్నది చర్చికి వెళ్తుంది.

అలాగే చేశాను. ఆయన్ని తిరిగి పంపమని చెప్పి, నాణెం వేసి, గుడ్డ కప్పి లేచాను. వంటింటిదాకా వెళ్ళాను. పేరు చెప్పానా లేదా అని అనుమానం వచ్చింది. ఊళ్ళో ఎంతమంది ముసలాళ్ళు లేరు? వెనక్కి వెళ్ళి ఒబెద్ అని చెప్పాను. ఒట్టి చేతులతో చెప్పడం బాగుండదని ఇంకో నాణెం వేశాను.

జూలై 10, బుధవారం

ఈ రోజు పళ్ళెం దగ్గరికి వెళ్ళలేదు. గుడ్డ వంకరగా ఉంటే సరిచేయడానికి ఒక్కసారి వెళ్ళాను, అంతే.

జూలై 13, శనివారం

మోటారు చప్పుడు వినిపిస్తే ఒడ్డుకి పోతున్నాను. సంతకి వెళ్ళే పడవ, పాస్టరమ్మని తెచ్చే పడవ, ఎవరిదో తెలియని పడవ. చెప్పులు వేసుకునే ఓపిక కూడా ఉండడం లేదు. ఒడ్డున ఎవరైనా ఉంటే, గాలి పీల్చుకుందామని వచ్చానంటాను. వాళ్ళు అవునవునంటారు.

తిరిగొచ్చి పళ్ళెం ముందు కూర్చుంటాను. ఈ రోజు నాణేలు అయిపోయాయి. సంతకి వెళ్తేగానీ చిల్లర దొరకదు. ఒట్టి చేతులతో లేవడానికి మనసొప్పలేదు. ఆయన చొక్కాకి ఒక గుండీ వేలాడుతూ ఉంది. తెంపి వేశాను.

సరిగ్గా అప్పుడే తంసా వచ్చింది. గుడ్డ ఎత్తి చూసింది.

"ఇదేంటి వదినా? దేవుడికి చొక్కా కుట్టిస్తావా?"

నవ్వు వచ్చింది. నిజంగానే వచ్చింది. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వి నవ్వి ఆమె బల్ల మీద తల పెట్టేసింది. ఆ తర్వాత నవ్వలేదు.

నేను మాత్రం ఈ రోజు బాగానే ఉన్నాను.

జూలై 16, మంగళవారం

పాస్టరమ్మ నెల్చే వచ్చింది. పట్నం పిల్ల, మా చర్చికి పాస్టరుగా వచ్చి ఏడాది కూడా కాలేదు. పడవ ఎక్కితే వాంతులు, దిగితే వాంతులు. ఆ పిల్లని చూస్తే నాకు ముందు అల్లం నీళ్ళు పెట్టాలనిపిస్తుంది. పెట్టాను.

తాగుతూ అడిగింది. నన్ను ఓమా అంటుంది, అవ్వా అన్నట్టు. "ప్రార్థనలో ఏం అడుగుతున్నారు ఓమా?"

"తిరిగి పంపమని."

"తర్వాత?"

"తర్వాత మళ్ళీ తిరిగి పంపమని."

పళ్ళెం మీద గుడ్డ ఉబ్బి ఉంది. ఆ పిల్ల చూసింది గానీ ఎత్తలేదు. మర్యాద తెలిసిన పిల్ల.

"మీరు అంత గబగబా అడుగుతుంటే, ప్రభువు నోరు తెరవడానికి సందెక్కడ ఓమా?"

నాకు కోపం వచ్చింది. అడగకుండా ఎలా ఉండాలో ఈ పిల్లకేం తెలుసు? దీనికి పెళ్ళి కూడా కాలేదు. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. చేతులు చల్లగా, చెమటగా ఉన్నాయి. మళ్ళీ పడవ ఎక్కాలి కదా, ఆ భయం. ఒడ్డుదాకా వెళ్ళి పడవ కదిలేదాకా నిలబడ్డాను. ఆ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది.

జూలై 20, శనివారం

జలసంధి అవతలి ఊరి నుంచి తాహెర్ వచ్చాడు. వాళ్ళు ముస్లిములు, మేము క్రైస్తవులం. తాతల నాడే రెండు ఊళ్ళూ నెత్తురు కలిపి తాగి అన్నదమ్ములమని ఒట్టు పెట్టుకున్నాయి. మా చర్చికి పైకప్పు వేసింది వాళ్ళే, వాళ్ళ మసీదుకి దూలాలు మోసింది మావాళ్ళే. ఒకళ్ళ తోటలో ఒకళ్ళు అడగకుండా కోసుకోవచ్చు. సాయం అడిగితే కాదనకూడదు. నేనింకా అడగనే లేదు.

"అక్కా, మా పడవలు బాందా దీవుల వైపు వెళ్తున్నాయి. ఆ దీవులన్నీ చూస్తాం. బావ మొండి మనిషి, ఎక్కడో ఒడ్డున కూర్చుని దోనెని తిడుతూ ఉంటాడు."

"ఈ గాలిలో అంత దూరమా తమ్ముడూ?"

"గాలి మాకు కొత్తా?"

వెళ్తూ వెళ్తూ పెరట్లో అరటి గెల కోసుకుని భుజాన వేసుకున్నాడు. అడగలేదు. ఎందుకో ఆ పని నాకు చాలా హాయిగా అనిపించింది. ఇంట్లో మనుషులు ఉన్నట్టే అనిపించింది కాసేపు.

ఇప్పుడు ఆ అబ్బాయి గురించి కూడా బెంగ. ఆ గాలిలో వాళ్ళకేమైనా అయితే?

జూలై 21, ఆదివారం

పరలోక ప్రార్థనలో మళ్ళీ ఆ చోట ఊరుకున్నాను. పక్కన తంసా కూడా ఊరుకున్నట్టు అనిపించింది. చూడలేదు.

జూలై 25, గురువారం

రాయకూడదనుకున్నాను. రాయకపోతే నిద్రపట్టదు.

సంఘ పెద్దలు తంసాతో మాట్లాడారట. ఆదరణ కూడిక పెట్టాలట. పాట పాడి, వాక్యం చదివి, ఊరంతా కూర్చుని భోంచేసి, పళ్ళెం చర్చికి తీసుకెళ్ళి ఇచ్చేయాలట. పళ్ళెం ఖాళీ చేశారంటే మాట తీరిపోయినట్టే. మనిషి లేనట్టే.

నాకు చెప్పడానికి ధైర్యం చాలక ఆమెకి చెప్పారు. ఆమె నా దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యకి శాంతి ఉండొద్దా వదినా?"

"బతికున్న మనిషికి శాంతి ఎందుకు, దుప్పటి కావాలి గానీ."

"నీకొక్కదానికే బాధా? నేను ఆయన వీపు మీద పెరిగాను. నువ్వు వచ్చింది తర్వాత."

"అయితే నీ ఇంట్లో పెట్టుకో కూడిక. నీ పళ్ళెం ఖాళీ చేసుకో."

ఆమె పళ్ళెం మీద చెయ్యి వేసింది. నేను ఆమె చెయ్యి మీద చెయ్యి వేశాను. ఇద్దరు ముసలివాళ్ళం గుడ్డ చెరోవైపు పట్టుకుని లాగాం. నాణేలు కిందపడి గదంతా దొర్లాయి. ఆమె ఏడుస్తూ వెళ్ళిపోయింది. నేను మోకాళ్ళ మీద పాకుతూ మంచం కింద, పెట్టె వెనక ఏరాను. అన్నీ దొరికాయో లేదో తెలియదు. ఒక్కటి దొరక్కపోతే ఏమవుతుంది? ఏ మాట చెప్పి వేసిన నాణెమో అది?

జూలై 28, ఆదివారం

తంసా అటు చివర బెంచీలో కూర్చుంది.

జూలై 29, సోమవారం

ఎవరూ రాలేదు. వంటింటి కిటికీ దగ్గర నిలబడితే తంసా ఇంటి కప్పు కనిపిస్తుంది. పొగ వస్తుందేమోనని చూశాను. నేను గిన్నెలు కడగడానికి అక్కడ నిలబడ్డాను, అందుకు కాదు.

జూలై 30, మంగళవారం

పొద్దుటి నుంచి వాన. మధ్యాహ్నం తంసా తడిసిపోయి వచ్చింది. గొడుగు లేదు. గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మంటానో లేదో అని చూసింది. తువ్వాలు ఇచ్చాను.

"కలలో అన్నయ్య కాఫీ అడిగాడు" అంది. "పంచదార అయిపోయింది వదినా. ఇంట్లో పంచదార లేదు. నేను పంచదార వెతుక్కుంటూ ఉంటే వెళ్ళిపోయాడు."

చంటిపిల్లలా ఏడ్చింది. ఇలాంటప్పుడు ఆయన లేచి టోపీ తీసి, "రండి, బల్ల దగ్గరికి రండి" అనేవాడు. మేమిద్దరం వెనక నిలబడేవాళ్ళం. తంసా ఆ గది వైపు చూసింది, నా వైపు చూసింది.

"నువ్వు చెప్పు వదినా."

"నాకెక్కడొస్తుంది? నువ్వు చెప్పు."

"నాకు మాత్రం వస్తుందా? నేను నోరు తెరిస్తే ఆయన్ని తిట్టేస్తాను."

చివరికి నేనే. గొంతు ఎత్తి ప్రార్థన చేయడం ఈ జన్మలో ఇదే మొదలు. ప్రభువా అన్నాను, తర్వాత ఏమీ రాలేదు. వాన చప్పుడే వినిపించింది. ఆయన్ని తిరిగి పంపు అని నోటిదాకా వచ్చింది, కానీ పక్కన ఈ పిల్ల వణుకుతోంది. పిల్లేమిటి, అరవై దాటింది. అయినా వణుకుతోంది. అందుకే ముందు ఆమె గురించి చెప్పాను. ఈమెకి కలలు తగ్గించు, ఈమె ఇంట్లో పొయ్యి వెలిగేలా చూడు, ఈమె నా మీద కోపం పెట్టుకోకుండా చూడు, నాకూ ఆమె మీద లేకుండా చూడు. తర్వాత తాహెర్ వాళ్ళ గురించి. పాస్టరమ్మకి వాంతులు తగ్గాలని కూడా చెప్పాను. ఇలాంటివి చెప్పొచ్చో లేదో నాకు తెలియదు.

ఆఖరికి ఆయన గురించి. ఆయన ఎక్కడున్నాడో మాకు తెలియదు, నీకు తెలుసు అన్నాను. అంతకు మించి రాలేదు. పరలోక ప్రార్థన మొదలుపెట్టాను, తంసా కలిపింది. ఆ చోటు వచ్చింది. ఆగాను. ఆమె కూడా ఆగింది. వాన పడుతూనే ఉంది. తర్వాత చెప్పాం. నేను ముందా, ఆమె ముందా తెలియదు, ఇద్దరం చెప్పాం.

ఏమీ జరగలేదు. వెలుగేమీ రాలేదు. లోపల ఎన్నాళ్ళుగానో బిగించి పట్టుకున్న పిడికిలి ఒకటి వదులైంది, అంతే. తంసా బల్ల మీద తల పెట్టి నిద్రపోయింది, గురక కూడా పెట్టింది. ఆయన గురకే.

లేవబోతూ గుడ్డ కప్పాను. మళ్ళీ ఎత్తాలనిపించలేదు.

జూలై 31, బుధవారం

పొద్దున మోటారు చప్పుడుకి చెప్పుల్లేకుండా పరిగెత్తాను. సంతకి వెళ్ళే పడవ.

నిన్నటిది అంతా ఒట్టిదేనా?

ఆగస్టు 2, శుక్రవారం

తంసా, నేను సాయంత్రాలు బల్ల దగ్గర కూర్చుంటున్నాం. ఒక రోజు నేను చెప్తాను, ఒక రోజు ఆమె. ఆమె నిజంగానే ఆయన్ని తిడుతుంది. "ప్రభువా, ఆ మొండివాడికి బుద్ధి చెప్పు" అంటుంది. కూడిక మాట ఇద్దరం ఎత్తడం లేదు.

భయం పోలేదు. పొద్దున లేవగానే అదే ముందు లేస్తుంది. బల్ల ముందు కూర్చుంటే పక్కకి జరిగి కూర్చుంటుంది, పోదు. ఇదివరకు గదంతా అదే ఉండేది. ఇప్పుడు నాకూ కొంచెం చోటు ఉంది.

ఆగస్టు 6, మంగళవారం

లవంగాలు ఎండబెట్టాను. పగలు ఒక గంట ఆయన గుర్తు రాలేదు. తర్వాత గుర్తొచ్చి చాలా ఏడ్చాను.

ఆగస్టు 9, శుక్రవారం

తాహెర్ వాళ్ళు వచ్చారు.

మోటారు ఆపిన చోటు నుంచే తెలిసింది. వెనకాల తాడుతో మా దోనె కట్టి ఉంది. అది ఖాళీగా ఉంది.

బాందా అవతల ఏదో చిన్న దీవి, మనుషులు ఉండని చోటు. అక్కడ పగడపు రాళ్ళ మీద దొరికిందట. దోనె ఎక్కడా పగలలేదు. తెరచాప మడిచి, కొయ్యకి కట్టి ఉంది. ఆ ముడి నేను చూశాను. ఆయన వేసేదే, రెండు చుట్లు తిప్పి కొస లోపలికి దోపేది. ఆ ముడి ఇంకెవరూ వేయరు. దీవి అంతా తిరిగారట. ఆయన లేడు.

తాహెర్ ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. "క్షమించక్కా" అన్నాడు. ఎందుకు క్షమించాలి? మా వాళ్ళు వెళ్ళని దూరం వెళ్ళాడు. తల మీద చెయ్యి వేశాను. వేడిగా ఉంది, జ్వరమేమో. నీళ్ళు తెప్పించాను.

తంసా అప్పుడు వచ్చింది. ఖాళీ దోనె చూసింది.

"దోనె దొరికిందిగా! దోనె దొరికితే మనిషి దొరకడా? ఇంకో దీవి చూడాల్సింది! ఇంకో రెండు దీవులు చూడాల్సింది! ఎవరూ కూడిక మాట ఎత్తొద్దు, చెప్తున్నా, ఎవరైనా ఎత్తితే వాళ్ళ నోట్లో ఇసుక కొడతా!"

అందరూ నన్ను చూశారు. ఇన్నాళ్ళూ చూడని వాళ్ళందరూ ఇప్పుడు చూశారు. నేను పడిపోతానని అనుకున్నారు. నేనూ అనుకున్నాను. పడలేదు. ఆ ముడి చూస్తూ ఉన్నాను. తెరచాప దించి, మడిచి, కట్టాడు. అంటే ఆయనకి తీరిక ఉంది. కంగారు పడలేదు. అన్నీ సర్ది పెట్టాడు. ప్రార్థన కూడా చేసే ఉంటాడు, టోపీ తీసి. అది నాకు తెలుసు.

"తంసా, ఇలా రా" అన్నాను. "కూర్చో."

"కూర్చోను."

"కూర్చో. నా కాళ్ళు వణుకుతున్నాయి, నిన్ను పట్టుకుని కూర్చుంటాను."

కూర్చుంది. ఎవరు ఎవరిని పట్టుకున్నామో. అలలు పాదాల దాకా వచ్చి పోతున్నాయి. కొంచెం సేపటికి నేనే చెప్పాను, ఆదివారం పళ్ళెం చర్చికి తీసుకెళ్దామని. ఆమె నా భుజం మీద కొట్టింది, రెండు మూడు సార్లు కొట్టింది. తర్వాత సరే అంది.

ఆగస్టు 11, ఆదివారం

కూడిక అయింది. అవతలి ఊరి వాళ్ళు రెండు పడవల్లో వచ్చారు, చర్చి బయట చాప వేసుకుని వాళ్ళ పద్ధతిలో వాళ్ళు కూర్చున్నారు. తర్వాత వంటంతా వాళ్ళే చూసుకున్నారు. పాస్టరమ్మ వాక్యం చదువుతూ రెండు సార్లు ఆగిపోయింది. ఆ పిల్లకి నేనే తల ఊపాను, కానివ్వు అన్నట్టు.

పళ్ళెం నేనూ తంసా చెరోవైపు పట్టుకుని తీసుకెళ్ళాం. ఈసారి లాగలేదు. అడిగింది ఇవ్వలేదని నేను ప్రభువుకి చెప్పాను, లోపలే. చెప్పాల్సిన మాట చెప్పాలి కదా. చెప్పి ఇచ్చేశాను.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయారు. తంసా ఈ రాత్రికి ఉంటానంది, నేనే వద్దన్నాను. ఆమె ఇంట్లో పొయ్యి వెలిగించుకోవాలి. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూసింది. చెయ్యి ఊపాను.

ఇల్లు చాలా పెద్దదిగా ఉంది. ఖాళీ చేసి తిరిగి తెచ్చుకున్న పళ్ళెం కడిగి తుడిచి బల్ల మీద పెట్టాను. ముందు కూర్చున్నాను. అడగడానికి ఏమీ లేదు. ఇన్ని రోజులూ అడిగీ అడిగీ నోరు ఎండిపోయింది, ఇప్పుడు ఏమీ లేదు. లేచిపోదామనుకున్నాను. లేవలేదు. ఎవరితోనో కలిసి మాట్లాడకుండా కూర్చున్నట్టు ఉంది. ఆయన వల బాగుచేసుకుంటుంటే నేను పక్కన ఊరికే కూర్చునే రోజుల్లాగా. కాదు, దానిలాగా కాదు. ఎలా ఉందో నాకు రాయడం రాదు.

చీకటి పడబోతుండగా సముద్రం మీద మోటారు చప్పుడు వినిపించింది. కాళ్ళు కదలలేదు. ఎవరో ఇంటికి వెళ్తున్నారు. ఎక్కడో ఒక వంటింట్లో ఎవరో ఒకామె గరిటె పట్టుకుని ఈ చప్పుడే వింటూ ఉంటుంది. ఆమె పేరు నాకు తెలియదు. పేరు లేకుండానే ఆమె గురించి ప్రభువుకి చెప్పాను. చప్పుడు మా ఊరు దాటి, పక్క ఊరి వైపు వెళ్ళిపోయింది.